పెద్ద మాంసాహార డైనోసారుల అంతరవయవములు

ఎముక శిలయై నిలుచును. గుండె, కాలేయము, ప్రేవులు క్రుళ్లి మట్టిలో కలిసిపోవును. అయినను మాంసాహారియైన టిరనోసారసు గుండె ఇన్ని కిలోలని బాలల చిత్రపుస్తకములలో వ్రాయుట చూచుచున్నాము. అది తూచిన అంకె కాదు. దేహభారమును ఊహించి, నేటి జంతువుల పాళ్లతో హెచ్చవేసినది. ఆ దేహభారమైనను స్థిరము కాదు. 1990లో అమెరికాలోని దక్షిణ డకోటాలో దొరకిన 'సూ' అను టిరనోసారసు అస్థిపంజరమునకు కొందరు 6 టన్నులకు లోపుగను, మరికొందరు 9 టన్నులకు పైగను లెక్క కట్టిరి.

మెదడు విషయము కొంత మేలు. దాని గది కపాలములో మిగిలియున్నది. సూ తలను ఎక్స్‌రేలతో పొరలు పొరలుగా పరీక్షించి ఆ గది రూపును రాబట్టిరి. వాసనను గ్రహించు భాగము పెద్దదని తేలినది. కాని గదియే మెదడు కాదు. పక్షులలో మెదడు గదిని దాదాపు నింపును. ఎదిగిన మొసలిలో సగమో, అంతకు తక్కువయో నింపును. ఈ రెండింటిలో దేనిని పోలికగా గ్రహింతుమో దానినిబట్టి ఫలితము రెట్టింపగును.

ఊపిరితిత్తులకు వెన్నుపూసలలోని గుంటలే సాక్ష్యము. మడగాస్కరునకు చెందిన మజుంగసారసు వెన్నుపూసలను పక్షుల వానితో పోల్చి, ఆ ఎముకలలోనికి గాలితిత్తులు చొచ్చియుండెడివని 2005లో శాస్త్రజ్ఞులు తెలిపిరి. పక్షి ఊపిరితిత్తి చిన్నది. గాలిని ఆడించునవి తిత్తులే. కావున పెద్ద ఱొమ్మును చూచి పెద్ద ఊపిరితిత్తి యనరాదు.

ప్రేవులు నిజముగా శిలలో నిలిచిన అరుదైన జీవి ఇటలీలో దొరకిన స్కిపియోనిక్సు. 1998లో వర్ణింపబడిన ఆ పిల్ల మూరెడు మాత్రమే. దాని ప్రేవు పొట్టిది, లావైనది. 12 మీటర్ల మృగమునకు దీనినట్లే హెచ్చవేయుట సాహసము. అయితే కెనడాలో దొరకి, అదే సంవత్సరమున ప్రకటింపబడిన శిలామలమొకటి 44 సెంటీమీటర్ల పొడవున్నది. అది టిరనోసారసుదే కావచ్చునని పరీక్షించినవారి మతము. అందు నలిగిన యెముక ముక్కలు కరగక మిగిలియున్నవి. ఆహారము ఆ కడుపులో ఎక్కువకాలము నిలువలేదన్నమాట.