యుద్ధకాలంలో నాయకుడి తప్పొప్పుకోలు: 1962పై అపోహలు – వాస్తవాలు

యుద్ధం సాగుతుండగానే దేశ నాయకుడు తన ప్రభుత్వ పొరపాటును బహిరంగంగా అంగీకరించిన సందర్భాలు అరుదు. 1962 అక్టోబరు 25న, చైనా దాడి మొదలైన అయిదు రోజులకు, జవహర్‌లాల్ నెహ్రూ రాష్ట్రాల సమాచార మంత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం ఆ కోవలోనిది. ఆధునిక ప్రపంచపు వాస్తవాలకు దూరమై, స్వయంగా కల్పించుకున్న కృత్రిమ వాతావరణంలో ఇన్నాళ్లూ గడిపామని ఆయన అందులో ఒప్పుకున్నారు. ఈ ఘట్టంలో రాయలసీమ ప్రమేయం తరచుగా మరుగున పడుతుంది. అప్పటి కాంగ్రెస్ అధ్యక్షుడు దామోదరం సంజీవయ్య కర్నూలు పక్కనున్న పెద్దపాడులో పుట్టినవారు. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి అనంతపురం జిల్లా ఇల్లూరు వాస్తవ్యుడై ఉండి, శాసనసభలో కర్నూలు జిల్లా డోన్‌కు ప్రాతినిధ్యం వహిస్తున్నవారు. రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ స్వస్థలమైన తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది.

అపోహ: తప్పు ఒప్పుకున్న నాయకుణ్ణి ప్రజలు వెంటనే వదిలేస్తారు.

వాస్తవం: అందుకు భిన్నంగా, ఆ నెలల్లో జాతీయ రక్షణ నిధికి డబ్బూ నగలూ దేశం నలుమూలల నుంచీ వచ్చాయి, నెహ్రూ పదవికి ముప్పు రాలేదు. ముప్పు వచ్చింది రక్షణ మంత్రి కృష్ణమీనన్‌కు. సొంత పార్టీ సభ్యులే పట్టుబట్టడంతో ఆయన నవంబరు 7న మంత్రివర్గం నుంచి వైదొలగవలసి వచ్చింది. ఆపద ముంచుకొచ్చినప్పుడు ప్రజలు ఉన్న నాయకత్వం చుట్టూనే గుమికూడే ఈ ధోరణిని రాజకీయ శాస్త్రజ్ఞులు ప్రత్యేకంగా అధ్యయనం చేశారు. 1961 ఏప్రిల్‌లో క్యూబాపై దాడి విఫలమై, ఆ బాధ్యతను అమెరికా అధ్యక్షుడు కెనడీ తనపై వేసుకున్న తర్వాత గాలప్ సర్వేలో ఆయనకు ఆమోదం 83 శాతానికి చేరింది. 1967 జూన్ 9న ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ ఓటమికి బాధ్యత వహిస్తూ రాజీనామా ప్రకటిస్తే, ఆయనే ఉండాలంటూ జనం కైరో వీధులను నింపారు. ఈ ఆదరణను క్షమాభిక్షగా లెక్కించడమే అసలు పొరపాటు.

అపోహ: ఆ ఒప్పుకోలుతో జరిగినదంతా ప్రజలకు తెలిసింది.

వాస్తవం: ప్రసంగంలో ఉన్నది సాధారణమైన అంగీకారమే. వివాదాస్పద సరిహద్దులో ముందుకు వెళ్లి చిన్న చిన్న సైనిక స్థావరాలు ఏర్పాటు చేయాలన్న 1961 నాటి నిర్ణయం, అంటే ‘ముందడుగు విధానం’, ఎవరి అంచనాలపై ఆధారపడి తీసుకున్నదో అది చెప్పలేదు. ఓటమిపై సైన్యం జరిపించిన హెండర్సన్ బ్రూక్స్–భగత్ విచారణ నివేదిక 1963లోనే ప్రభుత్వానికి అందినా, దాన్ని ఇప్పటికీ అధికారికంగా ప్రచురించలేదు. 2014లో అందులో కొంత భాగాన్ని ఒక విదేశీ పాత్రికేయుడు బయటపెట్టాడు.

అపోహ: ప్రభుత్వాన్ని తప్పుబట్టింది ప్రతిపక్షాలే.

వాస్తవం: మనం తేలిగ్గా నమ్మామనీ, అజాగ్రత్తగా ఉన్నామనీ స్వయంగా రాష్ట్రపతి రాధాకృష్ణనే బహిరంగంగా అన్నారు. ఆ పదవిలో ఉన్నవారు అలా మాట్లాడటం మన దేశంలో అప్పటికీ ఇప్పటికీ విశేషమే.

అపోహ: కాంగ్రెస్‌పై ప్రజాగ్రహం యుద్ధంలో ఓడినందుకే, 1967 ఎన్నికల్లో రాయలసీమ ఫలితాలే సాక్ష్యం.

వాస్తవం: ఆగ్రహం నిజమే. 1963 మే నెలలో అమ్రోహా, ఫరూఖాబాద్, రాజ్‌కోట్ లోక్‌సభ ఉప ఎన్నికల్లో ప్రతిపక్ష నేతలు కృపలానీ, లోహియా, మసానీ గెలిచారు. ఆ ఓటములు పార్టీ అధ్యక్షుడిగా సంజీవయ్య ఖాతాలోకే వచ్చాయి. అయితే ఆ ఆర్నెల్లలో సామాన్యుడి ఇంటికి చేరింది సరిహద్దు వార్తలే కాదు, యుద్ధం ఖర్చు కూడా. 1963 జనవరిలో వచ్చిన బంగారు నియంత్రణ నిబంధనలు 14 క్యారెట్లకు మించిన స్వచ్ఛతతో కొత్త నగలు చేయడాన్ని నిషేధించి, ప్రొద్దుటూరు వంటి ఊళ్లలోనే కాక దేశమంతటా స్వర్ణకారుల జీవనాధారాన్ని దెబ్బతీశాయి. అదే ఏడాది వచ్చిన నిర్బంధ డిపాజిట్ పథకం భూమిశిస్తు కట్టే రైతునూ వదల్లేదు. రాష్ట్రంలో 1962లోనే అదనపు శిస్తు చట్టం వచ్చి ఉంది. నేల సారంతో నిమిత్తం లేకుండా భారం వేసిన ఆ చట్టాన్ని 1967లో సుప్రీంకోర్టు చెల్లదన్నది. వాన పడితేనే పంట ఉండే మెట్ట నేలల రైతుకు సారం లెక్కలోకి రాని శిస్తు ఎంత బరువో చెప్పనక్కరలేదు. నగలు ఇమ్మన్నప్పుడు ఇచ్చినవారే ఈ నిర్బంధాలను సహించలేకపోయారంటే ఆశ్చర్యం లేదు. ఈజిప్టులోనూ ఓటమి నాడు కాదు, 1968 ఫిబ్రవరిలో ఆ ఓటమికి బాధ్యులైన వైమానిక దళాధికారులకు తేలికపాటి శిక్షలు పడ్డాయని తెలిసినప్పుడే కార్మికులు, విద్యార్థులు నాసర్ ప్రభుత్వంపై వీధికెక్కారు.

ఇక 1967 ఫలితాలు ఏకముఖంగా లేవు. కర్నూలు లోక్‌సభ స్థానం కాంగ్రెస్ చేజారి స్వతంత్ర పార్టీ అభ్యర్థి గాదిలింగన గౌడ్‌కు దక్కింది; చైనా పట్ల నెహ్రూ విధానాన్ని ఆ పార్టీ గట్టిగా విమర్శిస్తూ వచ్చిన మాట నిజం. కానీ పక్కనే కడప, చైనా యుద్ధ సమయంలో దేశమంతా అనుమానంతో చూసి, వందలాదిగా జైలుకు పంపిన కమ్యూనిస్టుల వైపు నిలిచింది: 1962లో గెలిపించిన సి.పి.ఐ. నాయకుడు ఎద్దుల ఈశ్వరరెడ్డిని 1967లోనూ, 1971లోనూ మళ్లీ ఎన్నుకుంది. యుద్ధమే ఓటును నిర్ణయించి ఉంటే ఈ రెండు ఫలితాలూ ఒకే సీమలో పొసగవు. 1965–66 నాటి కరవు, ధరల పెరుగుదల, స్థానిక వర్గ రాజకీయాలు కలిసి పనిచేసిన చోట సరిహద్దును ఒక్కదాన్నే కారణంగా చూపడం సులువైన వివరణే గాని సరైనది కాదు.

అపోహ: అత్యవసర పరిస్థితిలో ఎవరూ జవాబు చెప్పనక్కరలేదు, చెప్పి తప్పుకున్నవారికి భవిష్యత్తు లేదు.

వాస్తవం: 1962 అక్టోబరు 26న విధించిన అత్యవసర పరిస్థితి 1968 జనవరి దాకా కొనసాగింది. అది అమల్లో ఉండగానే, 1964లో, కర్నూలు జిల్లా బస్సు మార్గాల జాతీయీకరణ పథకాలను సుప్రీంకోర్టు కొట్టివేసింది. ముఖ్యమంత్రి సంజీవరెడ్డి దురుద్దేశంతోనే వాటిని తెచ్చారని బస్సుల యజమానులు ఆరోపించగా, ఆయన ఖండిస్తూ ప్రమాణపత్రం దాఖలు చేయకపోవడాన్ని కోర్టు ఎత్తిచూపింది. పదవి వదలమని కోర్టు ఆదేశించలేదు, సంజీవరెడ్డి కూడా తప్పు ఒప్పుకోలేదు. అయినా ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. నెహ్రూ ఒప్పుకుని ఉండిపోయారు, సంజీవరెడ్డి ఒప్పుకోకుండానే వెళ్లిపోయారు. వెళ్లిపోవడం ఆయనకు నష్టమేమీ చేయలేదు: జూన్‌లో ప్రధాని శాస్త్రి మంత్రివర్గంలో ఉక్కు, గనుల శాఖ దక్కింది, 1967లో లోక్‌సభ సభ్యత్వం, సభాపతి పదవి వచ్చాయి, 1977లో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. ఆ రాజీనామాను ప్రజలు మెచ్చినందుకే ఇదంతా జరిగిందనడానికి మాత్రం ఆధారం చాలదు. బస్సుల వివాదం నడిచిన కర్నూలు జిల్లా ఓటరు తీర్పు ఏమిటో తేలే అవకాశం రాలేదు. 1967లో ఆయన పోటీ చేసింది హిందూపురం నుంచి.