విహారయాత్రలో ఆటవిడుపు నాళ్లు

వాల్మీకిపురము, మదనపల్లె, పుంగనూరు త్రోవలలో వేసవి నెలలయందు తిరుగు లారీలు టమోటా క్రేట్లతో నిండి సాగుచుండును. బడులకు సెలవులిచ్చు ఏప్రిల్ చివరివారము మొదలుకొని జూన్ నడుమ వరకు గల ఆ కాలమే మా ప్రాంతపు రైతుకు కాయ కోయించుటకును, నీరుగట్టువారిపల్లె మార్కెట్టు యార్డులో మండీ వేలము దగ్గర నిలుచుటకును క్షణము తీరిక లేని కాలము. కావున పట్టణవాసులవలె సెలవులు వచ్చిన మరునాడే బిడ్డలను వెంటబెట్టుకొని వారము రోజుల విహారమునకు బయలుదేరుట ఇచ్చట అనేకులకు పొసగదు. దీర్ఘయాత్రకు ఉపక్రమించు రైతు కుటుంబము హోటలు ధరలు విచారించుటకు ముందు తన పైరు ఎప్పుడు కోతకు వచ్చునో విచారించుకొనవలెను. అదియుగాక, సముద్రమట్టమునకు రెండువేల అడుగుల పైచిలుకు ఎత్తున చల్లని గాలికి అలవడిన మా వారికి మే నెల హైదరాబాదు ఎండ దుస్సహము. మిగిలినవి దసరా, సంక్రాంతి సెలవులు. సంక్రాంతికి హైదరాబాదు జనమంతయు ఆంధ్రదేశపు ఊళ్లకు తరలివచ్చి, పండుగ గడచిన పిమ్మట మరల అటు పోవుదురు. అందుచేత పండుగకు ముందు ఇటునుండి అటు పోవు బస్సులలోను, పండుగ తరువాత అటునుండి ఇటు వచ్చు బస్సులలోను చోటు సులభముగ దొరకును. అయినను పండుగనాడు ఇంటిముందు ముగ్గు లేకుండుటకు మా పెద్దవారు సమ్మతింపరు. సమ్మతింపుడని వారిని నిర్బంధించుటయు నాకు ఉచితముగ తోచదు. కావున దసరాయే మేలు.

ఏ కాలమున పోయినను, ఎన్ని నాళ్లు పోయినను, యాత్రను రక్షించునది నడుమ విడిచిపెట్టిన ఖాళీ దినములే యని నా దృఢమైన అభిప్రాయము. మన పూర్వులు ఈ సంగతి బాగుగ నెరుగుదురు. చెన్నపట్టణమున సుప్రీముకోర్టు ఉద్యోగియైన ఏనుగుల వీరాస్వామయ్య, 1830 మే 18వ తేదీన సుమారు నూరుమంది పరివారముతో బయలుదేరి, తిరుపతి, కడప, శ్రీశైలము, హైదరాబాదుల మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరినాడు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్రచరిత్రలో ఆలయముల వర్ణన ఎంత కలదో, ఏ మజిలీలో నీరు బాగుండునో, ఎచ్చట అంగళ్లు కలవో, ఎచ్చట దిగుటకు వసతి యున్నదో యను వివరమును అంతగనే కలదు. ఆనాటి యాత్రికునికి క్షేత్రమెంత ముఖ్యమో మజిలీయు నంత ముఖ్యము. రాత్రి బస్సు దిగి, ముఖము కడుగుకొని, తొమ్మిది గంటలకెల్ల వినోదశాల ద్వారము దాటవలెనని ఆత్రపడు నేటి మన కుటుంబములు మరచినది ఈ మజిలీనే.

ఆటల తోటకు బసలు, భోజనశాలలు, సరోవరములు చేరి అదియొక నగరమగుట అమెరికాలో జరిగినది. వాల్ట్ డిస్నీ 1955 జూలై 17న కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీలాండ్‌ను తెరచినప్పుడు చుట్టుపట్ల విశాలమైన భూమి ఆయన చేతిలో లేకపోయెను. ఆ తోట జనాకర్షణము కాగానే పరిసరములన్నియు ఇతరుల మోటెళ్లతోను దుకాణములతోను క్రిక్కిరిసిపోయినవి. ఆ కొరత మరల కలుగకుండుటకై ఆయన ఫ్లోరిడాలో సుమారు 27,000 ఎకరములను పేరు బయటపడనీయక కొనిపించెను. 1966లో ఆయన మరణించిన పిమ్మట అన్నగారు రాయ్ పని పూర్తిచేయించి, 1971 అక్టోబరు 1న వాల్ట్ డిస్నీ వరల్డ్‌ను హోటళ్లతో సహా తెరపించెను. నేడచ్చట నాలుగు పెద్ద పార్కులు కలవు. అమెరికాలో స్థిరపడిన మన బిడ్డలు, తమ్ము చూడవచ్చిన తలిదండ్రులను మిక్కిలి ప్రేమతో ఒర్లాండో తీసుకొనిపోయి, నాలుగు దినములలో నాలుగు పార్కులను చూపుదురు. ఆ ప్రేమ గొప్పదే. కాని అరువదియైదేండ్లు దాటిన తల్లికి రెండవనాటి సాయంకాలమునకే పాదములు వాచును, మూడవనాడు ఆమె బల్లపై కూర్చుండి సంచులకు కాపలా యుండును. నడుమ ఒకనాడు సరోవరతీరమున ఊరక కూర్చుండనిచ్చిన యెడల నాలుగవనాటి వేడుకను ఆ తల్లియు చూడగలదు.

మన తెలుగుదేశమున ఇట్టి నగరమునకు సరియైన ఉదాహరణము రామోజీ ఫిల్మ్ సిటీ. హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారిలో, హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్ దాటిన పిదప నున్న ఈ చిత్రనగరిని రామోజీరావు 1996లో నెలకొల్పిరి. 1,666 ఎకరముల విస్తీర్ణముతో ప్రపంచమున అతిపెద్ద చలనచిత్ర నిర్మాణ సముదాయమని గిన్నిస్ వారు దీనికి గుర్తింపునిచ్చిరి. ఎఱ్ఱని బస్సులలో త్రిప్పుచు చూపు వీథులు, రైల్వేస్టేషను, విమానాశ్రయము, ఉద్యానములు, బాహుబలి చిత్రముల కొరకు నిర్మించిన మాహిష్మతీ ప్రాకారములు, పక్షిశాల, పిల్లలకై ఫండుస్థాన్, సాహసక్రీడలకై సాహస్, ఉదయము తెరచునప్పుడును సాయంకాలము మూయునప్పుడును జరుగు నృత్యోత్సవములు, ఇవన్నియు ఒక్క దినమున చూడబోయిన వానికి ఏదియు నిలువదు. బసకు లోపలనే సితార, తార యను పెద్ద హోటళ్లును, తక్కువ వ్యయమున శాంతినికేతన్, బృందములకు సహారా యను వసతులును కలవు. పెద్దవారున్న కుటుంబము లోపలి బసనే కోరవలెను. మధ్యాహ్నపుటెండలో గదికి పోయి నడుము వాల్చి, నాలుగు గంటలకు మరల వచ్చు సౌకర్యము బయటి బసయందు దొరకదు.

మదనపల్లె నుండి రాత్రి బస్సులో బయలుదేరువారు మహాత్మాగాంధీ బస్ స్టేషనులో దిగి, అక్కడనే మెట్రో ఎక్కి ఎల్.బి.నగర్ చేరి, ఆ మీదట సిటీబస్సులోగాని ఆటోలోగాని పోవచ్చును. ప్రయాణపు వారమును నిర్ణయించుటలో కొంత నేర్పు కావలెను. సాలార్‌జంగ్ మ్యూజియమునకు శుక్రవారము సెలవు. నెహ్రూ జంతుప్రదర్శనశాలకు సోమవారము సెలవు. ఆదివారమునాడు వినోదశాలలన్నియు నగరవాసులతో కిటకిటలాడును. ఈ మూడింటిని కలిపి చూచిన, శనివారము రాత్రి బయలుదేరుటయే శ్రేయస్కరము. ఆదివారము ఉదయము చేరి, ఆ దినమంతయు బసలోనే గడపవలెను: స్నానము, భోజనము, నిద్ర, సాయంకాలమున చెట్లక్రింద కొంత నడక. సోమవారము చిత్రనగరి. మంగళవారము బయటికి. బుధవారము చూడక మిగిలిన భాగములకు మరల చిత్రనగరి. ఈ రెండవనాడు పిల్లలు తమకు నచ్చిన ఆటనే నాలుగుసార్లు ఆడుకొనుటకు పెద్దలు అడ్డుచెప్పరాదు. గురువారము పట్టణమున చార్మినారు, సాలార్‌జంగ్ మ్యూజియము చూచి ఆ రాత్రియే బస్సెక్కిన, శుక్రవారము ఉదయము ఇల్లు చేరి, సోమవారము బడికి పోవునాటికి పిల్లల బడలిక తీరును.

ఆదివారము ఊరక గడపుమన్నచో అనేకుల మనస్సు ఒప్పుకొనదు. ఇంతదూరము ఖర్చుపెట్టి వచ్చి గదిలో నిద్రపోవుటయా యని ఇంటి యజమాని నొచ్చుకొనును. కాని రాత్రియంతయు బస్సులో కుదుపులు తిన్న శరీరము పగలు ఆరేడు గంటలు నిలుచుటకు నిరాకరించును; నిద్ర చాలని పసివాడు ఏ నృత్యోత్సవమును చూడక తల్లి భుజముపై ఏడ్చుచుండును. టికెట్టు వెల రాబట్టవలెనను పట్టుదలతో లోనికి పోయినవారు సగము చూచి వెనుదిరుగుదురు. ఆ సగమునకును వెల పూర్తిగనే చెల్లింతురు.

మంగళవారపు ప్రయాణమును గూర్చి కొంత విపులముగ చెప్పవలసియున్నది. చిత్రనగరికి సమీపమున, విజయవాడ రహదారి నుండి ఎడమకు తిరిగి గంటలోపుగ చేరదగిన గ్రామము భూదాన్ పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న, హైదరాబాదు చేరువనున్న శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనము ముగిసిన పిమ్మట పాదయాత్రగ వచ్చిన వినోబాభావేను ఇచ్చటి హరిజనులు సాగుకు 80 ఎకరముల భూమి కోరగా, ఆ సభయందే వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరములు ఇచ్చెదనని ప్రకటించిరి. భూదానోద్యమము అట్లు పుట్టినది. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఈ గ్రామమును ఉత్తమ పర్యాటక గ్రామములలో ఒకటిగ ఎంచినది.

నీరుగట్టువారిపల్లె వీథులలో పట్టుమగ్గముల చప్పుడు వినుచు పెరిగిన మదనపల్లె పిల్లలకు మగ్గము క్రొత్తది కాదు. అయినను పోచంపల్లిలో వారు చూడదగినది వేరొకటి కలదు. ఇచ్చట నేయుటకు పూర్వమే దారముపై చిత్రము ఏర్పడును. అర్ధచంద్రాకారముగ నిలిపిన మేకుల నడుమ దారమును అటునిటు వేలసార్లు త్రిప్పుచు పోయుదురు. దానిని ఆసు పోయుట యందురు. పిదప చిత్రమునకు తగినట్లు రబ్బరు పట్టీలతో అక్కడక్కడ బిగించి కట్టి రంగులో ముంచుదురు; కట్టిన చోట రంగు అంటదు. ఆరిన పిమ్మట కట్లు విప్పి, వేరొకచోట కట్టి, మరియొక రంగులో ముంచుదురు. మగ్గముపై కూర్చున్న నేతగాడు పోగు పోగునకును వ్రేలితో అంచు సర్దుచు, ఒక పోగుపై నున్న రంగు ప్రక్కపోగు రంగునకు సరిగ తగులునట్లు చూచుకొనును. ఆ తగులుబాటు తప్పిన పువ్వు చెదరిపోవును. ఈ ఆసు పోయు శ్రమ తరతరములుగ స్త్రీలదే. తల్లి భుజము నొప్పితో బాధపడుట చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం సంవత్సరముల తరబడి పాటుపడి, 1999లో ఆసు యంత్రమును సిద్ధపరచిరి. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది. సోమవారమునాడు అట్టముక్కలతోను ప్లాస్టరుతోను కట్టిన రాజప్రాసాదములను చూచి అబ్బురపడిన బాలుడు, మంగళవారమునాడు ఒక చీర చేతిలో రూపొందుటను చూచుట ఎంత మేలైన విద్యయో వేరుగ చెప్పనక్కరలేదు.

ఒక్క మనవి. నేతగానికి కూలి నేసిన చీరనుబట్టి వచ్చును. మనము ప్రశ్నలు వేయునంతసేపు ఆతని చేయి ఆగును. అనుమతి యడిగి, కొంతసేపే నిలిచి, కొనదలచినది బేరమును లాగక కొనుట న్యాయము.

గురువారము సాలార్‌జంగ్ మ్యూజియములో గంట గంటకు గడియారములోని బొమ్మ వెలికి వచ్చి గంట కొట్టును. పిల్లలందరును దానిముందు గుమిగూడుదురు కావున ముందుగ పోయి చోటు చూచుకొనవలెను. మేలిముసుగు గల రెబెకా పాలరాతి విగ్రహమొక్కటి చూచినను ఆనాటి శ్రమ సార్థకము.

ఇక ఇల్లు విడుచుటకు ముందు చక్కబెట్టుకొనవలసిన పనులు కలవు. మా పల్లెలలో ఇంటి పెద్దమ్మ మొదట అడుగునది ఒక్కటే: "అందురూ పోతే ఆవును ఎవురు చూస్తారు నాయనా?" ఇది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. పాలు పితుకు చేయి మారిన ఆవు పాలు ఎగచేపును. కావున నమ్మకమైన పొరుగువారినో, అత్తగారి వైపు బంధువునో నాలుగు దినములు ముందుగనే పిలిచి, ఇంటివారు ప్రక్కన నుండగనే వారిచేత పాలు పితికించి అలవాటు చేయవలెను. ఆ పాలు ఆ వారము వారికే విడుచుట మా వైపు మర్యాద. పెద్దవారి మందులు పది దినములకు సరిపడ తీసుకొనవలెను. క్రొత్త చెప్పులు కొనరాదు. పాతవానినే కుట్టించుకొని పోవలెను.

కుప్పము వారికి మాత్రము హైదరాబాదుకంటె బెంగళూరు చేరువ. చెన్నపట్టణము నుండి బెంగళూరుకు పోవు రైలుమార్గము కుప్పము మీదుగనే సాగును. బెంగళూరు రైల్వేస్టేషను దగ్గరి మెజెస్టిక్‌లో మెట్రో ఎక్కిన, 2023 నుండి మైసూరు రోడ్డుపై చల్లఘట్ట వరకు ఊదారంగు మార్గమున నేరుగ పోవచ్చును. ఆ మీదట బిడదిలో వండర్‌లా కలదు. 2005లో తెరచిన ఈ పార్కునకు 2012లో రిసార్టు చేర్చిరి. నీటి ఆటలలో నైలాన్ వంటి వస్త్రములనే అనుమతింతురు కావున, చీరలతో వచ్చు స్త్రీలు ఇంటివద్దనే తగిన దుస్తులు కొనుగోలు చేసి తెచ్చుకొనుట ఉత్తమము. పెద్ద ఆటలకు ఎత్తు నిబంధన కలదు. బిడ్డను ముందుగ గోడకానించి కొలిచి, ఎక్కలేని వానిని గూర్చి ఇంటివద్దనే నచ్చచెప్పవలెను. పార్కు లేని దినమునకు రామనగరము చెంత జానపదలోకము, చన్నపట్నలో లక్కరంగుల కొయ్యబొమ్మలు చేయువారి ఇండ్లు, ఇంకను ముందుకు పోయిన మైసూరు కలవు. మైసూరు జంతుప్రదర్శనశాలకు మంగళవారము సెలవు. రాజభవనమునకు దీపాలంకరణ ఆదివారపు సాయంకాలములందు జరుగును. అందుచేత కుప్పము కుటుంబము మా వారమును తలక్రిందులు చేసి, బుధవారము బయలుదేరి, గురు శుక్రవారములలో ఒకనాడు బిడది పార్కును, ఒకనాడు విశ్రాంతిని ఉంచుకొని, శనివారము చన్నపట్న బొమ్మలు చూచి, ఆదివారము సాయంకాలమునకు మైసూరు చేరి, సోమవారపు రైలుకు తిరుగుట అనుకూలము.