దాచిన లెక్క మరల దొరకవలదా?

ఆదోని ప్రత్తివ్యాపారమునకు పేరుగన్న పట్టణము. ఇచ్చటి మండీల లెక్కలు ఒకప్పుడు చిట్టా, ఆవర్జాలలో నుండెడివి. నేడు జిన్నింగు ఫ్యాక్టరీలలోను, కమీషను దుకాణములలోను తూకము మొదలు బిల్లు వఱకు కంప్యూటరునకు చేరినవి. దీనిని మేము ఆక్షేపింపము. కాని పదియేండ్ల క్రిందటి లెక్క నొకదానిని చూపుడని యడిగినచో చూపగల సంస్థ లెన్ని? బ్యాకప్పు, అనగా మాఱుప్రతి, తమవద్ద కలదని యెల్లరును చెప్పుదురు. మాఱుప్రతి యుండుట వేఱు. దానినుండి లెక్కను మరల పొందగలుగుట వేఱు.

ఇందుకు సాక్ష్యము మన జిల్లాలోనే కలదు. జొన్నగిరి సమీపమున ఎఱ్ఱగుడి బండలపై క్రీ.పూ. 3వ శతాబ్దినాటి అశోకుని శాసనములున్నవి. వానిలో కొన్ని పంక్తులు కుడినుండి యెడమకు సాగును. రాయి నిలిచినది, అక్షరము నిలిచినది. బ్రాహ్మీలిపిని మఱచిన జాతికి మాత్రము అవి వట్టి గీతలే. 1837లో జేమ్సు ప్రిన్సెప్పు ఆ లిపిని ఛేదించిన పిమ్మటగాని అశోకుని మాట లోకమునకు మరల వినబడలేదు.

పెద్ద కంపెనీలు వాడు అయస్కాంతపు టేపుల గతియు నిట్టిదే. తగిన చల్లదనమున నుంచిన టేపు 30 ఏండ్లు నిలుచునందురు. కాని దానిని చదువు యంత్రమో? ఎల్.టి.ఓ. జాతి యంత్రములు 7వ తరము వఱకు తమకు రెండు తరముల వెనుకటి టేపును చదివెడివి. 2017లో వచ్చిన 8వ తరపు యంత్రము ఒక్క తరము వెనుకటి దానినే చదువును. మన దుకాణదారునకు టేపుతో పనిలేకపోవచ్చును. కాని లెక్కల ప్రోగ్రాము మాఱి, పాస్‌వర్డు తెలిసిన గుమాస్తా వెడలిపోయిన నాడు, అతని పాత డిస్కు ఎఱ్ఱగుడి బండవంటిదే యగును.

పూర్వము ఈ సీమలో కడితములు వాడుకలో నుండెను. బొగ్గుపొడి పట్టించిన ఆ మడతగుడ్డపై బలపముతో వ్రాసి, తుడిచి, మరల వ్రాయుదురు. నేడు ఒకే డిస్కుపై ప్రతిరాత్రియు నిన్నటి ప్రతిని చెరిపి నేటి ప్రతిని వ్రాయువారును కడితమునే వాడుచున్నారు. నెలక్రిందటి తప్పు నేడు బయటపడినచో, మంచి ప్రతి యెన్నడో తుడిచిపెట్టుకొని పోయియుండును. కంప్యూటరును బంధించి సొమ్మడుగు దుండగులు దానికి తగిలించిన డిస్కును గూడ బంధింతురు. 2017 మే నెలలో అట్టి దాడి మన రాష్ట్రపు పోలీసు కంప్యూటర్లలో కొన్నింటిని సయితము తాకెను. ఇక 2009 అక్టోబరులో తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలును ముంచుట, మంత్రాలయము నీటిపాలగుట మన మెఱుగనివి కావు. కంప్యూటరును దాని మాఱుప్రతియు ఒకే గదిలో నున్నచో రెండును ఒకే నీట మునుగును.

పెద్దవారును దీనికి అతీతులు కారు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అను సంస్థలో ఒక యుద్యోగి పొరపాటున ముఖ్యమైన డేటానే తుడిచివేసెను. అయిదు విధముల రక్షణ కలదని నమ్మిన ఆ సంస్థకు వానిలో నొక్కటియు సరిగా పనిచేయలేదు. ఆరుగంటలకు ముందు వేఱొక పనికై తీసిన ప్రతి దొరకుటచే గట్టెక్కెను. ముందు పరీక్షించి యుండినచో ఆ లోపము ముందే తెలిసెడిది.

2013 నాటి కంపెనీల చట్టము లెక్కలను 8 ఆర్థిక సంవత్సరములు కాపాడవలెనన్నది. 2022లో సవరింపబడిన నియమములు ప్రతిదినమును మాఱుప్రతి తీసి భారతదేశములోని సర్వరులో నుంచవలెనన్నవి. మంచిదే. కాని ఈ గడువు ప్రభుత్వమునకు చాలునేమోగాని, మనుష్యుని ఆయుష్షునకు చాలదు. ఇరువదవ యేట మిల్లులో చేరి యేబది యెనిమిదవ యేట విరమించు కార్మికుని ప్రావిడెంటుఫండు లెక్క మాట యేమి? ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన చేనేత సహకార సంఘమువంటి సంస్థలలో వాటా తండ్రినుండి కొడుకునకు సంక్రమించును. లెక్క మాసిన నాడు నష్టపడువాడు యజమాని కాడు. చేత కాగితము లేని కార్మికుడు, నేతగాడు, సరకు వేసిన రైతు. అట్లని సర్వమును దాచుటయు తగదు. ఏ లెక్క యెన్నాళ్లో ముందే నిర్ణయించి, ఒకరి హక్కునకు ఆధారమైన దానిని ఆ హక్కు తీరువఱకు నిలుపవలెను.

కావున ఆదోని, ఎమ్మిగనూరు వర్తకులకు మా విన్నపము. మూడు ప్రతు లుంచుడు. అందొకటి వేఱొక యూరిలో, ఏ తీగకును తగులకుండ నుంచుడు. ప్రోగ్రాము మార్చు నాడే పాత లెక్కలను క్రొత్తదానిలోనికి మార్చుడు, లేదా కాగితముపై నచ్చొత్తించుడు. దీపావళినాడు క్రొత్త చిట్టాకు పూజసేయు నాచారము వర్తకులలో కలదు. ఆ దినముననే పదియేండ్ల క్రిందటి బిల్లు నొకదానిని మాఱుప్రతినుండి తెఱచి, పదిమంది యెదుట చదువు నాచారమును గూడ వారు నెలకొల్పుదురు గాక! తెఱవబడకున్నచో, ఇల్లు కాలకముందే బావి త్రవ్వుటకు ఇంకను వ్యవధి యుండును.