పూలకుండీలలో నుసుములు - వాని నివారణ

జూన్ మాసమున తొలకరి వానలు కురిసి కిటికీలు మూయవలసివచ్చు దినములలో, సికింద్రాబాదు కంటోన్మెంటులోని తిరుమలగిరి వంటి చోట్ల, ఇండ్లలో పెంచు కుండీల చుట్టును చిన్న నల్లని నుసుములు ముసరుట కలదు. వీనిని దోమలని భ్రమించి గదినిండ పురుగుమందు చల్లువారున్నారు. అది వ్యర్థము; పసిబిడ్డలున్న ఇంట ప్రమాదకరము కూడ. ఈ నుసుములు కుట్టవు, మనుష్యులకు రోగములు తేవు. కుండీలో ఆరక నిలిచిన తడిమన్నే వీనికి పుట్టినిల్లు.

ఆడ నుసుము బ్రదుకునది సుమారు ఒక వారము. ఆ కొలదికాలములోనే అది తడిమన్నులో 100 మొదలు 200 వరకు గ్రుడ్లు పెట్టగలదు. 4 మొదలు 6 దినములలో పిల్లపురుగులు వెలువడును. గాజువంటి తెల్లని శరీరము, నల్లని తల వీని గుర్తులు. ఇవి రెండు మూడు అంగుళముల పైమన్నులోనే రెండు వారములు మసలి బూజును, కుళ్లిన ఆకులను తినును. అవి చాలనిచో లేతవేళ్లను కొరుకును. ముదిరిన మొక్క దీనిని ఓర్చుకొనును గాని నారు ఓర్చుకొనజాలదు. వేళ్లు గాయపడిన చోట నారుకుళ్లు తెగులు ప్రవేశించును. పల్లెలలో కొబ్బరిపొట్టు నింపిన ట్రేలలో మిరపనారు, టమాటనారు పెంచు రైతునకు ఇది ఒక పూలమొక్క ఎండినంత చిన్న నష్టము కాదు. పుట్టగొడుగులు పెంచువారికి కూడ ఈ జాతి ఈగలు బద్ధశత్రువులు.

హైదరాబాదు పరిసరముల ఎర్ర చెలకమన్ను నీటిని త్వరగానే విడుచును. కాని నేడు కుండీలలో కొబ్బరిపొట్టును, సరిగా మాగని ఎరువును విశేషముగా కలుపుచున్నారు. ఇవి తడిని దినముల తరబడి పట్టియుంచును. పైగా బియ్యము కడిగిన నీరు, టీ పిప్పి చేర్చినచో బూజునకు విందే! కావున వ్రేలిని రెండవ కణుపు వరకు మన్నులో గ్రుచ్చి చూడవలెను. తడి తగిలినచో ఆనాడు నీరు పోయరాదు. పళ్లెములో నిలిచిన నీటిని పారబోయవలెను, రాలిన ఆకులను ఏరివేయవలెను. తులసికి నిత్యము నీరు పోయు ఆచారమును మానుమని చెప్పుట మా ఉద్దేశము కాదు. ఇంటిలోని చిన్న కుండీకి చెంబెడు నీరేల, ఉద్ధరిణెడు చాలును.

నారును ఇట్లు ఎండబెట్ట వీలులేదు. అట్టిచోట బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇస్రాయెలెన్సిస్ అను సూక్ష్మజీవితో చేసిన మందు ఉపయోగించును. దీనిని 1976లో ఇస్రాయేలు దేశపు నెగెవ్ ఎడారిలో, దోమపిల్లలు చచ్చి తేలిన ఒక నీటిగుంటలో కనుగొనిరి. మన దేశమున దోమల నివారణకు వాడుచున్నారు. పొట్లముపై తెలిపిన మోతాదున నీట కలిపి మన్ను తడిపినచో, దానిని మ్రింగిన పిల్లపురుగులు చచ్చును. పశువులకు, తేనెటీగలకు హాని కలుగదు. ప్రభావము కొలది దినములే యుండును గనుక వారమునకొకసారి పోయవలెను. ఎగురు నుసుములను ఇది చంపదు. వానికై పసుపురంగు జిగురు అట్టలను మన్నునకు చేరువగా నుంచవలెను.

గ్రుడ్డు మొదలు నుసుము వరకు మూడు నాలుగు వారములు పట్టును. అంతకాలమును ఈ పనులు విడువరాదు. పిమ్మట ఆలుగడ్డ ముక్కను కోసినవైపు మన్నునకు ఆనించి, రెండు మూడు దినములకు తీసి చూడవలెను. క్రింద నల్లతల పురుగులు కానరానిచో ఆ కుండీని తక్కినవాని సరసన తిరిగి చేర్పవచ్చును.