నేటి మేఘసందేశం

రామగిరి మీద ఒంటరిగా ఉన్న యక్షుడు అలకాపురిలోని తన భార్యకు మేఘం ద్వారా కబురు పంపినట్లు కాళిదాసు 'మేఘదూతం'లో వర్ణించాడు. ఆ రామగిరి నేటి మహారాష్ట్రలోని రామ్‌టెక్ అని పలువురి అభిప్రాయం. పొగ, నీరు, గాలి కలిసిన మేఘం కబురు మోయలేదని కాళిదాసుకూ తెలుసు. నేడు కంప్యూటరు నిపుణులు 'క్లౌడ్', అంటే మేఘం, అని పిలిచేది మాత్రం నిజంగానే కబుర్లు మోస్తుంది.

ఈ మేఘం ఆకాశంలో ఉండదు. పెద్ద భవనాలలో వరుసలుగా అమర్చిన శక్తిమంతమైన కంప్యూటర్ల సముదాయమే ఇది. వీటిని సర్వర్లు అంటారు. ఇంజనీర్లు బొమ్మలు గీసేటప్పుడు, లోపలి వివరాలు అవసరం లేని నెట్‌వర్కును ఒక మేఘం ఆకారంలో చూపేవారు. ఆ పేరే స్థిరపడింది. ఒకరు పంపిన సమాచారం అక్కడ నిల్వ ఉంటుంది. అనుమతి ఉన్నవారు ఏ దేశం నుండి అయినా దానిని చూడవచ్చు, సరిదిద్దవచ్చు, కొత్త విషయం చేర్చవచ్చు. సొంతంగా సర్వర్లు కొని నడపలేని చిన్న సేవాసంస్థలకు ఇది తక్కువ ఖర్చుతో దొరికే సదుపాయం. అయితే ఖర్చు కన్నా పెద్ద ప్రయోజనం ఒకటి హైతీ దేశంలో తెలియవచ్చింది.

హైతీ కరేబియన్ సముద్రంలోని చిన్న దేశం. 2010 జనవరి 12న సాయంత్రం 4 గంటల 53 నిమిషాలకు, రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్ సమీపంలో 7.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. లక్షకు పైగా ప్రజలు మరణించారు. అధ్యక్ష భవనం కుప్పకూలింది. ఐక్యరాజ్యసమితి కార్యాలయం కూలిపోయింది. సముద్రం అడుగు నుండి దేశాన్ని బయటి ప్రపంచంతో కలిపే కేబుల్ దెబ్బతిన్నది. సహాయం చేయవలసినవారే శిథిలాల కింద చిక్కుకున్నారు. ఆ స్థితిలో సమాచారమంతా రాజధానిలోని ఏదో ఒక కార్యాలయపు కంప్యూటరులో ఉండి ఉంటే, అది కూడా మట్టిపాలయ్యేది.

అప్పటికి రెండేళ్ళ క్రితం, ఎన్నికల తరువాత కెన్యాలో అల్లర్లు చెలరేగినప్పుడు, ఓరీ ఒకోలో అనే న్యాయవాది, ఆమె మిత్రులు కలిసి 'ఉషాహిది' అనే సాధనాన్ని రూపొందించారు. స్వాహిలీ భాషలో ఈ మాటకు సాక్ష్యం అని అర్థం. ప్రజలు సెల్‌ఫోన్ల ద్వారా తెలిపిన సంఘటనలను అది పటం మీద గుర్తులుగా చూపుతుంది. హైతీ భూకంపం వచ్చిన కొద్ది గంటలలోనే ప్యాట్రిక్ మేయర్ అనే పరిశోధకుడు అమెరికాలో ఉండి హైతీ కోసం అటువంటి పటాన్ని ప్రారంభించాడు. బోస్టన్ సమీపంలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థులు రాత్రింబవళ్ళు అందులో వివరాలు నింపారు. రాజధానికి సరైన వీధుల పటం కూడా లేకపోవడంతో, వందలాది స్వచ్ఛంద సేవకులు ఉపగ్రహ చిత్రాలు చూసి తమ తమ ఇళ్ళ నుండే దానిని గీశారు.

కొద్ది రోజులలో 4636 అనే నంబరు ఏర్పాటయింది. హైతీ ప్రజలు దానికి ఉచితంగా ఎస్.ఎం.ఎస్. పంపవచ్చు. సందేశాలు వేలకొద్దీ వచ్చాయి. కాని వాటిలో చాలావరకు క్రియోల్ భాషలో ఉన్నాయి. ఫ్రెంచి అక్కడ కొద్దిమందికే వచ్చు. ఇళ్ళలోను, బజారులోను వినిపించేది క్రియోలే. బయటి దేశాల నుండి వచ్చిన సహాయ బృందాలలో చాలామందికి ఆ భాష తెలియదు. సందేశం చేరింది గాని, అర్థం చేరలేదు.

ఈ చిక్కును విప్పినవారు, ఎప్పుడో దేశం విడిచి న్యూయార్క్, బోస్టన్, మాంట్రియల్ వంటి నగరాలలో స్థిరపడిన హైతీవాసులు. ఇంటిలో వాళ్ళు నిలుపుకొన్న క్రియోల్ ఇప్పుడు అక్కరకు వచ్చింది. సందేశాలు క్లౌడ్‌లో ఉన్నందువల్ల ఎవరి ఊరిలో వారు కూర్చొని, ఒక్కొక్కటి తీసుకొని ఇంగ్లీషులోకి మార్చారు. రాబర్ట్ మన్రో ఈ పనిని సమన్వయపరచాడు. ఒక సందేశంలో, ఓకాప్‌కు దక్షిణాన 14 కిలోమీటర్ల దూరంలోని మిలో ఊరి ఆసుపత్రి క్షతగాత్రులను చేర్చుకోవడానికి సిద్ధంగా ఉందని ఉంది. ఓకాప్ పేరు పటంలో వెతికితే దొరకదు. కాప్-హైతియన్ నగరాన్ని జనం వాడుకలో పిలిచే పేరు అది. ఆ మట్టిలో పెరిగినవారికి అది ఇట్టే తెలుస్తుంది. మిలో ఆసుపత్రికి వందలాది క్షతగాత్రులను హెలికాప్టర్లలో తరలించారు.

ఈ ఏర్పాటులో లోపాలూ ఉన్నాయి. ఆహారం, నీరు, గుడారాలు కావాలనే విన్నపాలు కుప్పలుగా వచ్చాయి. వాటన్నిటినీ తీర్చగలిగినవారు లేరు. పటం మీద గుర్తు పడినంత మాత్రాన నీళ్ళ లారీ రాదు. బాధితుల సొంత వివరాలున్న సందేశాలు అందరి కంటా పడ్డాయనే విమర్శ కూడా వచ్చింది. ఆపదలో ఉన్న మనిషి పేరు, చిరునామా ఎవరెవరు చూడవచ్చో ముందే నిర్ణయించుకోవాలని సేవాసంస్థలు అప్పుడు గ్రహించాయి.

కొన్ని వారాల తరువాత ఈ అనువాదం పని హైతీకే తరలివెళ్ళింది. రాజధానికి ఈశాన్యంగా ఉన్న మిర్‌బలే పట్టణంలో స్థానికులు జీతం మీద ఆ పనిలో చేరి, తమ దేశపు సందేశాలను తామే చదవసాగారు.