పట్టాల పక్కన నిలబడ్డ అంకె

ఇంగ్లండ్ ఉత్తరపు కొసన నార్తంబర్లాండ్ కౌంటీలో మార్పెత్ అనే చిన్న ఊరుంది. లండన్ నుంచి ఎడింబరాకు వెళ్ళే ప్రధాన మార్గం ఆ ఊరి స్టేషన్ దగ్గర ఉన్నట్టుండి దాదాపు లంబకోణంలో మళ్ళుతుంది. ఎంత జోరుగా వచ్చిన రైలైనా అక్కడ గంటకు 50 మైళ్ళకు దిగాల్సిందే. దేశానికి మరో కొసన, కెంట్ కౌంటీలో, సముద్రం కింది సొరంగం వైపు సాగే హైస్పీడు మార్గంలో హద్దు 186 మైళ్ళు, అంటే 300 కిలోమీటర్లు. అదే కెంట్‌లో టెంటర్‌డెన్ దగ్గరి పాత లైట్ రైల్వేలో మాత్రం 25 మైళ్ళు దాటకూడదు. కౌంటీ మారిందని వేగం మారదు. వంపు, వంతెన, నేల, చట్టం, వీటిని బట్టి మారుతుంది.

మార్పెత్‌లో ఆ 50 ఎక్కడి నుంచి వచ్చింది? అక్కడి వంపు వ్యాసార్థం సుమారు 340 మీటర్లు. మలుపులో సైకిలు తొక్కేవాడు లోపలికి ఒరిగినట్టే, రైలు కూడా లోపలికి ఒరగాలి. అందుకని బయటి పట్టాను లోపలి పట్టా కంటే ఎత్తుగా వేస్తారు. బ్రిటన్‌లో ఈ ఎత్తు మామూలుగా 150 మిల్లీమీటర్లు మించదు. మరీ ఎక్కువ లేపితే, వంపులో ఆగిన బండి లోపలికి వాలిపోతుంది. ఇంకో 110 మిల్లీమీటర్ల ఎత్తు తక్కువైనా ప్రయాణికుడు కాస్త పక్కకు తూలడం తప్ప ఇబ్బంది ఉండదని ఇంజనీర్లు ఒప్పుకుంటారు. రెండూ కలిపి లెక్కవేస్తే ఆ వంపుకు గంటకు 86 కిలోమీటర్లు, అంటే 54 మైళ్ళకు లోపు వస్తుంది. బ్రిటిష్ హద్దులు అయిదు గుణిజాల్లో ఉంటాయి కాబట్టి 50. వేగం రెట్టింపైతే వంపు కోరే ఎత్తు నాలుగు రెట్లవుతుంది. ఈ వంపులో 80 మైళ్ళతో పోవాలంటే అర మీటరు దాటిన ఎత్తు కావాలి.

ఇంతవరకూ చిన్న గుణకారమే. చీకట్లో దూసుకొస్తున్న డ్రైవరుకు ఆ అంకెను సరైన క్షణంలో అందించడం మాత్రం తేలిక పని కాదు. దాన్ని నేర్చుకోవడానికి బ్రిటిష్ రైల్వేకు నూరేళ్ళకు పైనే పట్టింది.

తొలిరోజుల్లో ఆ అంకె కంపెనీ నిబంధనల పుస్తకంలోనే ఉండేది, అక్కడి నుంచి డ్రైవరు జ్ఞాపకంలోకి చేరేది. ఇంజన్లలో వేగం చూపే యంత్రం ఉండేది కాదు. ఎంత జోరులో ఉన్నాడో అనుభవం మీద తెలుసుకోవాలి. 1906 జూలై 1 తెల్లవారుజామున, ప్లిమత్ రేవులో ఓడ దిగిన సంపన్న అమెరికన్లతో లండన్‌కు బయల్దేరిన రైలు విల్ట్‌షైర్‌లోని సాల్స్‌బరీ స్టేషన్ వంపులోకి దూసుకొచ్చింది. హద్దు 30 మైళ్ళు. రైలు వేగం 70 దాకా ఉండొచ్చని తర్వాత అంచనా కట్టారు. రైలు ఒరిగిపోయి పక్కన వెళ్తున్న పాల రైలును గుద్దింది. 28 మంది పోయారు. మరుసటి ఏడాది ష్రూస్‌బరీ వంపులో మరో రైలు పట్టాలు తప్పి 18 మంది చనిపోయారు. అక్కడి హద్దు 10 మైళ్ళే.

ఆ తర్వాతి దశాబ్దాల్లో రేకుతో కత్తిరించిన పెద్ద అంకెలు పట్టాల పక్కన లేచాయి. పుస్తకంలోంచి అంకె దారి పక్కకు వచ్చింది. కానీ వంపు మొదట్లో నిలబెట్టిన బోర్డు హద్దు చెబుతుందే గానీ, ముందుగా హెచ్చరించదు. బరువైన రైలు వేగం సగానికి దిగాలంటే చాలా దూరం ముందే బ్రేకు వెయ్యాలి. ఆ కొరతను 1969 మే 7 తెల్లవారుజామున మార్పెత్ బయటపెట్టింది. లండన్ నుంచి అబర్డీన్ పోతున్న స్లీపరు రైలు, అప్పట్లో 40 మైళ్ళున్న ఆ వంపులోకి 80కి పైగా వేగంతో వచ్చి పట్టాలు తప్పింది. ఆరుగురు చనిపోయారు. అంతకుముందు ఒక ప్రయాణం ఆలస్యమైనందుకు సంజాయిషీ అడుగుతూ పైవాళ్ళు పంపిన ఉత్తరం డ్రైవరు చేతికొచ్చింది. దాన్ని గురించిన ఆలోచనలో పడి బ్రేకు సంగతి మరిచిపోయాడు.

దాంతో వంపుకు బాగా ముందుగానే హెచ్చరిక బోర్డు వెలిసింది. రైల్వేవాళ్ళు దాన్ని మార్పెత్ బోర్డు అనే పిలిచేవారు. దానికి తోడు పట్టాల మధ్య ఒక అయస్కాంతం పెట్టారు. రైలు దాని మీదుగా పోగానే క్యాబులో హారన్ మోగుతుంది. డ్రైవరు బటన్ నొక్కకపోతే బ్రేకులు వాటంతటవే పడతాయి. అంకెకు గొంతు వచ్చిందన్నమాట.

అయితే ఆ గొంతు పలక్కపోతే? 1975 జూన్ 6 తెల్లవారుజామున వారిక్‌షైర్‌లోని నన్ఈటన్ దగ్గర మరమ్మతుల కోసం 20 మైళ్ళ తాత్కాలిక హద్దు పెట్టారు. ముందు హెచ్చరిక బోర్డుకు దీపాలున్నాయి గానీ గ్యాసు అయిపోయి ఆరిపోయాయి. వెలుగు లేకపోవడం చూసి, హద్దు ఎత్తేశారని గ్లాస్గో రైలు డ్రైవరు అనుకున్నాడు. 20 అంకె కళ్ళబడేసరికి చేయి దాటింది. ఆరుగురు పోయారు. అప్పటినుంచి తాత్కాలిక హద్దుల ముందూ అయస్కాంతాలు వచ్చాయి. 1984లో మార్పెత్ వంపులోనే మరో స్లీపరు రైలు పట్టాలు తప్పింది. ఈసారి వచ్చింది ఉత్తరం నుంచి, అదృష్టవశాత్తూ ఎవరూ చనిపోలేదు. ఈ శతాబ్దం మొదట్లో వేగాన్నే కొలిచే పరికరాలు పట్టాల మధ్య చేరాయి. ప్రమాదకరమైన వంపుల ముందు రైలు మరీ జోరుగా వస్తే, బటన్ నొక్కినా నొక్కకపోయినా అవి బ్రేకు వేస్తాయి.

ఈలోగా ఒకే చోట ఒకటికి మించిన అంకెలూ వెలిశాయి. ఎర్ర అంచు గుండ్రటి బోర్డు అందరికీ. పక్కనే ఫలానా రకం రైలుకు వేరే అంకె. లండన్, గ్లాస్గోల మధ్య పశ్చిమ తీర మార్గంలో మామూలు రైలుకు 110 మైళ్ళున్న చోట, వంపులో తనంతట తాను ఒరిగే పెండొలీనో రైలుకు 125. వంపు అదే, పట్టా ఎత్తూ అదే. పెట్టె ఎనిమిది డిగ్రీల దాకా లోపలికి వాలడంతో ప్రయాణికుడికి తూలడం తెలియదు, అంతే.

వేల్స్ పశ్చిమ తీరంలోని కేంబ్రియన్ మార్గంలో 2011 నుంచి అంకె దారి పక్క నుంచి డ్రైవరు ముందున్న తెర మీదికి వచ్చింది. రేడియో ద్వారా కంప్యూటరే పంపుతుంది. 2017 అక్టోబరులో ఒక రాత్రి ఆ కంప్యూటరు తిరిగి మొదలైనప్పుడు, తాత్కాలిక హద్దుల సమాచారం దాంట్లోకి ఎక్కలేదు. సిగ్నల్ సిబ్బంది తెర మాత్రం అంతా ఎక్కినట్టే చూపింది. లెవెల్ క్రాసింగ్ దాటేవాళ్ళ భద్రత కోసం 30 కిలోమీటర్ల హద్దు పెట్టిన చోటికి రైలు సుమారు 80 కిలోమీటర్లతో వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. నన్ఈటన్‌లో ఆరిన దీపం చేసిన పొరపాటే ఇక్కడ కంప్యూటరూ చేసింది. హద్దు లేకపోవడానికీ, కబురు అందకపోవడానికీ తేడా చూపించలేకపోయింది.

లోపాన్ని పట్టుకున్నది మరో యంత్రం కాదు. ఆ మార్గం తెలిసిన డ్రైవరే, ఎన్నాళ్ళుగానో ఉన్న హద్దులు తెరపై కనిపించడం లేదని కబురు చేశాడు. అందుకే దారి పూర్తిగా తెలిసిందని తేలనిదే నేటికీ బ్రిటన్‌లో ఏ డ్రైవరుకూ ఆ మార్గంలో రైలు అప్పగించరు.