ఆస్తి పన్ను, పాఠశాల నిధులు: టెక్సాస్ రాష్ట్ర శాసనాలు

అమెరికా సమాఖ్య రాజ్యాంగంలో విద్య ప్రస్తావన లేదు. ప్రభుత్వ పాఠశాలల బాధ్యత ప్రధానంగా రాష్ట్రాలది. కాబట్టి ఏ బడికి ఎంత డబ్బు అందాలో తేల్చేవి రాష్ట్ర శాసనసభలు చేసే చట్టాలే. ఇవి ఎలా పనిచేస్తాయో టెక్సాస్ ఉదాహరణతో పరిశీలిద్దాం.

అక్కడ బడులను నడిపేది స్కూల్ డిస్ట్రిక్ట్ అనే స్థానిక సంస్థ. దీన్ని మన రెవెన్యూ జిల్లాగా భావించకూడదు. ఒకే నగరంలో ఇలాంటివి పలు ఉండవచ్చు. తన పరిధిలోని ఇళ్లు, దుకాణాలు, పరిశ్రమలపై అది ఆస్తి పన్ను వేసి, ఖర్చులో పెద్ద భాగాన్ని ఆ రాబడితో భరిస్తుంది. మన తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ ఉపాధ్యాయుల జీతాలు రాష్ట్ర ఖజానా నుంచి వస్తాయి. అందువల్ల మన ఇంటి పన్నుకూ వీధి చివరి బడికీ అలాంటి ముడి లేదు. ఇంటి పన్నుతో పాటు కట్టే గ్రంథాలయ పన్నును మాత్రం కొంతవరకు పోల్చవచ్చు.

ఈ ముడి ఎంత తేడా తెస్తుందో శాన్ ఆంటోనియో నగరంలో 1967-68 నాటి లెక్కలు చూపుతాయి. పేద మెక్సికన్ అమెరికన్ కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఎడ్జ్‌వుడ్‌లో ఒక్కో విద్యార్థికి లెక్కగట్టిన ఆస్తి విలువ 5,960 డాలర్లు. సంపన్న ప్రాంతమైన ఆలమో హైట్స్‌లో అది 49,000 డాలర్లకు పైనే. ఎడ్జ్‌వుడ్ వాసులు 100 డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల పన్ను కట్టారు. రాష్ట్ర పథకానికి చెల్లించాల్సిన వాటా పోను విద్యార్థికి మిగిలింది 26 డాలర్లు. ఆలమో హైట్స్ వాసులు 0.85 డాలర్లే కట్టినా 333 డాలర్లు మిగిలాయి. ఇక్కడ గమనించవలసినది: ఎక్కువ రేటుతో పన్ను కట్టినవారి పిల్లలకే తక్కువ దక్కింది.

1968లో డిమెట్రియో రోడ్రిగెజ్, మరికొందరు ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. 1973లో సమాఖ్య సుప్రీంకోర్టు, విద్య ఆ రాజ్యాంగం రక్షించే ప్రాథమిక హక్కు కాదంటూ 5-4 ఆధిక్యంతో వారి వాదనను తిరస్కరించింది. (మన సుప్రీంకోర్టు 1993లో ఉన్నికృష్ణన్ కేసులో, 14 ఏళ్ల లోపు పిల్లలకు విద్య ప్రాథమిక హక్కేనని చెప్పింది. ఆ కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం.)

దాంతో పోరాటం రాష్ట్ర కోర్టులకు మారింది. సమర్థమైన ఉచిత పాఠశాలల వ్యవస్థను ఏర్పరచాలని టెక్సాస్ రాష్ట్ర రాజ్యాంగం శాసనసభను ఆదేశిస్తోంది. ఆ ఒక్క మాట ఆధారంగా 1989లో రాష్ట్ర సుప్రీంకోర్టు పాత నిధుల విధానాన్ని ఏకగ్రీవంగా కొట్టివేసింది. అప్పటికి అత్యంత సంపన్న, అత్యంత పేద డిస్ట్రిక్టుల మధ్య తలసరి ఆస్తి విలువలో తేడా 700 రెట్లు. తర్వాత చేసిన రెండు చట్టాలూ కోర్టులో నిలవలేదు. 1993 మే నెలలో సెనేట్ బిల్లు 7 చట్టమైంది. ఒక్కో విద్యార్థికి 2,80,000 డాలర్లకు మించిన ఆస్తి విలువ ఉన్న డిస్ట్రిక్ట్, ఆ అదనపు సంపదను ఏదో ఒక రూపంలో ఇతరులతో పంచుకోవాలని అప్పట్లో అది నిర్దేశించింది. జనం దీన్ని రాబిన్ హుడ్ చట్టం అన్నారు. 1995లో కోర్టు దీన్ని సమర్థించింది.

అయితే ఈ చట్టం కొలిచేది ఆస్తి విలువనే గాని కుటుంబాల ఆదాయాన్ని కాదు. ఆస్టిన్ బడుల్లో పేద పిల్లలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. నగరంలో స్థలాల ధరలు పెరగడంతో ఆ డిస్ట్రిక్ట్ భారీగా చెల్లించేవాటిలో చేరింది. తెలుగు కుటుంబాలు చాలా ఉన్న ప్లేనో కూడా చెల్లించేదే. అంతకన్నా ముఖ్యమైన లోపం మరొకటి. ఆస్తి విలువలు పెరిగేకొద్దీ స్థానిక రాబడి పెరిగి, రాష్ట్ర ఖజానా భరించే వాటా తగ్గుతుంది. సంపన్న ప్రాంతాల డబ్బు పేద బడులకు అదనంగా చేరుతున్నదా, లేక ప్రభుత్వం తన భారం దించుకుంటున్నదా అన్న వాదన ఇక్కడి నుంచే పుట్టింది. 2019లో శాసనసభ విద్యార్థికి మూల కేటాయింపును 5,140 నుంచి 6,160 డాలర్లకు పెంచి, డిస్ట్రిక్టులు చెల్లించాల్సిన మొత్తాన్ని కొంత తగ్గించింది.

హ్యూస్టన్ ఓటర్లు 2016 నవంబరులో ఈ చెల్లింపునకు ఒప్పుకోలేదు. అలా నిరాకరిస్తే, నగరంలోని విలువైన వాణిజ్య ఆస్తులను పన్ను నిమిత్తం వేరే డిస్ట్రిక్టుకు శాశ్వతంగా మార్చే అధికారం రాష్ట్ర విద్యాధికారికి ఉంది. 2017 మే నెలలో మళ్లీ ఓటింగ్ జరిపారు. ఈసారి ఒప్పుకున్నారు.